ఎవరి భయం సహేతుకం?

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎదుటివాణ్ణి చంపినా నేరం కాదని మన చట్టం చెప్తున్నది. చాలామంది అనుకొనేటట్టు ఇది జడ్జిగారు దయతలచి పెట్టే భిక్ష కాదు, శిక్షలో తగ్గింపు అంతకన్నా కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96వ సెక్షను ఒకే ఒక్క వాక్యం. ఆత్మరక్షణ హక్కును వినియోగించుకొంటూ చేసిన పని ఏదీ నేరం కాదు అన్నది దాని సారాంశం. అంటే హంతకుడికి క్షమాపణ కాదు, అసలు అక్కడ హంతకుడే లేడన్నమాట. రాజ్యం తన గుత్తసొత్తుగా అట్టిపెట్టుకొన్న ఒక అధికారాన్ని, మనిషి ప్రాణం తీసే అధికారాన్ని, కొద్ది నిమిషాలపాటు మామూలు మనిషి చేతికి వొప్పజెప్పే సెక్షనిది. ఇలాంటివి చట్టంలో వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని కూడా లేవు.

మన విద్యార్థి మిత్రుల్లో ఈ హక్కు గురించి రెండు రకాల అపోహలున్నాయి. చట్టం సామాన్యుణ్ణి చేతులు కట్టుకొని దెబ్బలు తినమంటుందని కొందరంటారు. కొట్టవచ్చినవాణ్ణి ఏం చేసినా చెల్లుతుందని మరికొందరంటారు. రెండూ తప్పే. అయితే ఈ వ్యాసంలో నేను సెక్షన్లకు వ్యాఖ్యానం రాయబోవడం లేదు. ఆ పని చేసే పుస్తకాలు వకీళ్ల బీరువాల నిండా వున్నాయి. ఈ హక్కు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో ఎలా పనిచేసింది, ఎవరు వాడుకోబోతే ముడుచుకొనిపోయింది అన్నదే నేను చూడదలచుకొన్నది.

1834లో గవర్నరు జనరలు కౌన్సిలులో న్యాయసభ్యుడిగా ఈ దేశంలో అడుగుపెట్టిన మెకాలేని మనం ఇంగ్లీషు చదువుల గొడవతోనే గుర్తుపెట్టుకొన్నాం. ఆయన మనకు అంటగట్టిన రెండో వస్తువు శిక్షాస్మృతి. తొలి లా కమిషనుకు అధ్యక్షుడుగా 1837లో ఆయన సమర్పించిన ముసాయిదాకు జతచేసిన వివరణలు చదవదగ్గవి. ఆత్మరక్షణ గురించి ఆయన చెప్పిన మాటల తాత్పర్యం ఇది: ఈ దేశ ప్రజలు బందిపోట్లకూ, దౌర్జన్యపు మూకలకూ మరీ తేలిగ్గా లొంగిపోతున్నారు; వీళ్లలో పౌరుషాన్ని రేపడం అవసరంగాని, ఆత్మరక్షణ హక్కు మీద ఆంక్షలు పెంచడం అవసరం కాదు. ఈ అధ్యాయం ఇంకా చాలా లోపాలతోనే వున్నదని కూడా ఆయన దాచుకోకుండా వొప్పుకొన్నాడు.

ఒక సామ్రాజ్యపు ప్రతినిధి తాను ఏలుతున్న ప్రజల్లో పౌరుషం లేదని బాధపడడం వింతగానే వుంటుంది. నా వుద్దేశంలో ఇందులో వేదాంతం కన్నా లెక్క ఎక్కువ. కంపెనీ ప్రభుత్వానికి శిస్తు వసూలు చేసే యంత్రాంగం వున్నంత బలంగా పోలీసు యంత్రాంగం లేదు. దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చింది 1861లో. అంతవరకూ ఠాణా ఎక్కడో, వూరెక్కడో. దొంగల బారినుంచి రైతుని కాపాడడానికి ఖర్చు పెట్టడం కన్నా, నిన్ను నువ్వే కాపాడుకో, నేనేమీ అననని రాసిపెట్టడం చౌక. ఆ రైతు బతికితేనే మరుసటి ఏడు శిస్తు వస్తుంది. ఇలా అన్నంత మాత్రాన ఆ హక్కు విలువ తగ్గదు. పుట్టుకలో స్వార్థం వున్నంత మాత్రాన రైల్వేలను మనం వొద్దనలేదు గదా.

ముసాయిదా ఇరవైయేళ్లకు పైగా బల్లసొరుగులో పడివున్నది. ఈలోగా 1857 వచ్చింది. ఆ తరువాతనే 1860 అక్టోబరు 6న శిక్షాస్మృతి చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పౌరుషం రేపాలన్న ముచ్చట మాత్రం తిరుగుబాటు తరువాత ఎంతోకాలం నిలవలేదు. 1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేనిదే హిందూ దేశస్థుడు తుపాకి పట్టరాదు. తెల్లవాళ్లకు మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయింపు. (దేశభాషల్లో నడిచే పత్రికల నోరు నొక్కే చట్టం కూడా అదే సంవత్సరం వచ్చింది. పాలకుల భయాలు జంటలు జంటలుగా నడుస్తాయి.) ఈ విధంగా ఒక చట్టం, ప్రాణానికి ప్రాణం తీసినా నేరం కాదన్నది. మరొక చట్టం, ఆ పనికి కావలసిన ఆయుధం ఎవరి దగ్గర వుండాలో తేల్చింది. తెల్లదొరకు, జమీందారుకు, వారి దివాణానికి తుపాకి, రైతుకు కర్ర. తరువాత ఎనభై ఏళ్ల చరిత్రను అర్థం చేసుకోవాలంటే ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టుకొని చదవాలి.

ఇక చట్టం ఏమంటున్నదో సూక్ష్మంగా చెప్పుకొందాం. నీ శరీరాన్నే కాదు, పక్కవాడి శరీరాన్ని కాపాడడానికి కూడా నీకు హక్కు వున్నది. పక్కవాడు నీకు చుట్టం కానక్కరలేదు. ఈ అంశాన్ని మనవాళ్లు సాధారణంగా గమనించరు. ప్రాణం తీసేదాకా వెళ్లడానికి మాత్రం కొన్ని సందర్భాలే వున్నాయి. చావుగాని తీవ్రమైన గాయంగాని తప్పదన్న భయం సహేతుకంగా కలిగించే దాడి, మానభంగం చేసే వుద్దేశంతో జరిగే దాడి, ఎత్తుకుపోవడానికి జరిగే దాడి, ప్రభుత్వ సహాయం అందని విధంగా అక్రమంగా నిర్బంధించడానికి జరిగే దాడి మొదలైనవి అవి. 2013లో యాసిడ్ దాడిని కూడా చేర్చారు. ఆస్తి విషయంలో ఇంకా బిగువు. దోపిడి, రాత్రిపూట ఇంట్లోకి కన్నం వేసి జొరబడడం, కాపురమున్న ఇంటికి నిప్పు పెట్టడం, వీటికి చంపేదాకా హక్కు వున్నది. వుట్టి దొంగతనానికీ, పొలంలో జొరబాటుకూ ఆ హక్కు లేదు. ప్రాణభయం తోడైతేనే వస్తుంది. కంకి కోసినవాణ్ణి కాల్చడానికి వీల్లేదు.

పోలీసులను పిలిచే వ్యవధి వుంటే ఈ హక్కు లేదు. అవసరానికి మించిన హాని చేయరాదు. భయం పుట్టినప్పుడు హక్కు పుడుతుంది, దెబ్బ పడేదాకా ఆగనక్కరలేదు. భయం పోయినప్పుడు హక్కూ పోతుంది. హద్దు మీరి చంపినా, కక్షతో కాక మంచిబుద్ధితోనే మీరితే, అది హత్య కింద కాక అంతకన్నా చిన్న నేరం కింద వస్తుంది.

మొత్తం కట్టడమంతా రెండు మాటలమీద నిలబడి వున్నది. ఒకటి సహేతుకమైన భయం. రెండు రుజువు. 1872 నాటి సాక్ష్యచట్టం రుజువు భారాన్ని ముద్దాయి నెత్తినే పెట్టింది. నేను భయపడ్డాను, ఆ భయానికి కారణం వున్నది అని వాడే చూపించుకోవాలి. చంపినవాడికి సాక్ష్యం చెప్పవలసినవాళ్లు ఎవరు? చచ్చినవాడు చెప్పలేడు. వూళ్లోవాళ్లు చెప్పాలి. వూళ్లోవాళ్లు ఎవరి భూమి దున్నుతున్నారో చూచుకొని చెప్తారు.

శిక్షాస్మృతిలో 106వ సెక్షను కింద ఒక చిన్న ఉదాహరణ వున్నది. ఒక మనిషిని చంపడానికి గుంపు మీదపడింది. తుపాకి పేల్చకుండా అతను తప్పించుకోలేడు. గుంపులో పసిపిల్లలున్నారు. పేలిస్తే వాళ్లకు తగలవచ్చు. తగిలినా అతను నేరం చేసినట్టు కాదు. మొదటిసారి చదివినప్పుడు ఈ ఉదాహరణ రాసినవాడి కళ్లముందు ఎవరున్నారో నాకు స్పష్టంగా కనిపించింది. ఒకవైపు ఒంటరి మనిషి, చేతిలో తుపాకి. ఎదురుగా పేరూ వూరూ లేని గుంపు. గుంపుకు ఆకలి వున్నదా, అన్యాయం జరిగిందా అన్న ప్రశ్న ఆ నాలుగు వాక్యాల్లో పుట్టనే పుట్టదు. వలసపాలకుడి పీడకల ఇది.

అయితే మన సిద్ధాంతాలకు తేలిగ్గా లొంగని విషయాలు చరిత్రలో వుంటాయి. 1950 మార్చి 5న మధ్యప్రదేశ్‌లోని కట్నీ పట్టణంలో మతకల్లోలం జరిగింది. దేశ విభజనతో ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన సింధీ శరణార్థులకూ, స్థానిక ముస్లిములకూ మధ్య జరిగిన కొట్లాట అది. ఒక భవనంలో ఒక భాగంలోకి గుంపు అప్పటికే జొరబడింది. రెండో భాగం తలుపులను లాఠీలతో బాదుతున్నది. లోపల వున్న అంజద్ ఖాన్ అనే దుకాణదారు తన తుపాకితో కాల్చాడు. ఒక సింధీ చనిపోయాడు, ముగ్గురికి గాయాలయ్యాయి. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1952లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. తీర్పు రాసిన జస్టిస్ వివియన్ బోస్ వాదన సూటిగా వుంటుంది: పక్క భాగం దోపిడికి గురైన తరువాత, తన తలుపు పగిలేదాకా ఆగమని ఎవరినీ అనలేం, అలాంటి క్షణంలో మనిషి చేసే పనిని కంసాలి త్రాసులో పెట్టి తూచడం న్యాయం కాదు.

గుంపూ తుపాకీ అన్న పాత ఉదాహరణే ఇది. కాని ఇక్కడ తుపాకి పట్టినవాడు దొర కాదు, సంఖ్యాబలం లేని మతానికి చెందిన చిన్న వర్తకుడు. గుంపులో వున్నవాళ్లు కూడా బాధితులే. స్వతంత్రం వచ్చిన మూడో ఏట, రాజ్యాంగం అమలులోకి వచ్చిన నలభై రోజులకే జరిగిన కల్లోలంలో ఒక ముస్లిము దుకాణదారుకు కలిగిన భయం సహేతుకమైనదని దేశపు అత్యున్నత న్యాయస్థానం అన్నది. మెకాలే వుద్దేశం ఏమైనా కానివ్వండి, ఆ సెక్షను ఆనాడు ఒక నిస్సహాయుణ్ణి బతికించింది. తరువాతి కాలంలో మన దేశంలో జరిగిన మతకల్లోలాలను తలచుకొన్నప్పుడల్లా ఈ తీర్పును విద్యార్థులచేత చదివించాలనిపిస్తుంది.

ఆ హక్కుకు హద్దెక్కడో పదేళ్ల తరువాత పంజాబునుంచి వచ్చిన జయదేవ్ కేసులో తేలింది. పొలం స్వాధీనం గురించిన తగాదా, రెండు పక్షాల పోరు, తుపాకులు, చావులు. 1962 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఆ కొట్లాటను రెండు ఘట్టాలుగా విడగొట్టింది. ఎదుటి పక్షం మీదికి వచ్చినంతసేపూ ఒక ఘట్టం. వాళ్లు వెనుదిరిగి పరుగెత్తడం మొదలుపెట్టాక మరొకటి. పారిపోయేవాడి వీపు మీద కాల్చినవాడికి భయం వున్నదనడానికి వీల్లేదు. అప్పటికి భయం పోయింది, మిగిలింది కసి. ఈ వీపు అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని పడుతుంది.

భూమి సంగతికి వస్తే, నా అభిప్రాయంలో ఈ చరిత్రలోకెల్లా విలువైన తీర్పు 1967 నవంబరులో వచ్చిన మున్షీరామ్ కేసు. ఢిల్లీ శివార్లలో ఒక కౌలుదారు ఏళ్ల తరబడి సాగుచేసుకొంటున్న భూమి. దేశ విభజన తరువాత వలసపోయినవాళ్ల ఆస్తి కింద ప్రభుత్వం దాన్ని వేరేవాళ్లకు అమ్మింది. స్వాధీనపరిచినట్టు కాగితాలమీద రాసుకొన్నారు. 1962లో కొన్నవాళ్లు ట్రాక్టరు తోలుకొని దున్నడానికి వచ్చారు. కౌలుదారు తరఫువాళ్లు అడ్డుపడి కొట్టారు. చావులు లేవు, గాయాలే. కింది కోర్టులు వాళ్లనే దోషులన్నాయి. సుప్రీంకోర్టు కాదన్నది. కాగితంమీద స్వాధీనం వేరు, కాలికింద స్వాధీనం వేరు. నిజమైన యజమాని అయినా సరే, సాగులో వున్న మనిషిని చట్టప్రకారం ఖాళీ చేయించాలిగాని బలప్రయోగంతో కాదు. బలప్రయోగానికి దిగితే కౌలుదారుకు ఎదిరించే హక్కు వున్నది, పారిపొమ్మని చట్టం చెప్పదు. అంతేకాదు, ముద్దాయి నోరు తెరిచి ఆత్మరక్షణ అనకపోయినా, సాక్ష్యంలో ఆ సంగతి కనిపిస్తే కోర్టు తానే చూడాలి. ముద్దాయి ఫిర్యాదు పక్షంలాగా అనుమానానికి తావులేకుండా రుజువు చేయనక్కరలేదు, జరిగివుండవచ్చుననిపిస్తే చాలు.

ఈ తీర్పు ఇరవై రెండేళ్ల ముందు వచ్చివుంటే అని అనుకోవడం చరిత్రకారుడి పని కాదు. అయినా తెలంగాణలో పుట్టి పెరిగినవాడికి ఆ ఆలోచన రాకుండా వుండదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేసుకొంటున్న నాలుగెకరాల పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చారు. ఆంధ్రమహాసభ సంఘం వాళ్లు అడ్డం నిలబడి తరిమారు. పంట ఐలమ్మ ఇల్లు చేరింది. ఆనాటి హైదరాబాదు రాష్ట్రంలో భారత శిక్షాస్మృతి అమలులో లేదు. అది వచ్చింది 1951లో. కనక ఇక్కడ నేను సెక్షన్ల నంబర్లు వల్లించను. కాని సాగులో వున్న మనిషి తన పంటను కాపాడుకోవడం, పొరుగువాళ్లు ఆ మనిషికి తోడు నిలబడడం, ఇంతకన్నా స్పష్టమైన ఆత్మరక్షణ వుంటుందా? పోలీసులు పట్టుకుపోయి కొట్టింది మాత్రం సంఘం నాయకులనే. దేశ్‌ముఖ్ భయమే సహేతుకమైనదిగా ఆ రాజ్యానికి తోచింది.

1946 జులై 4న కడివెండిలో ఊరేగింపుగా వెళ్తున్న సంఘం జనంమీద అదే దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఊరేగింపులో వున్నవాళ్ల చేతుల్లో కర్రలున్నాయి, వడిసెలలున్నాయి, తుపాకులు లేవు. 1878 నాటి ఆయుధాల చట్టం గురించి నేను చెప్పినదానికీ, కడివెండికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. బ్రిటిషు చట్టం నిజాం ఇలాకాలో నేరుగా నడవలేదు, నిజమే. కాని తుపాకి గడీలో వుండాలి, కర్ర వాడలో వుండాలి అన్న ఏర్పాటుకు సరిహద్దులు లేవు.

ఆ తరువాత జరిగిన విచారణల సంగతి ఇంకొకటి. పోలీసు చర్య తరువాత 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ రైతులకు ఉరిశిక్షలు వేశాయి. తమ పక్షాన వాదించడానికి వకీలే లేకుండా విచారణ జరిగిందని వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1951లో జనార్దనరెడ్డి కేసులో సుప్రీంకోర్టు, అంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదని ఆ దరఖాస్తులను తోసిపుచ్చింది. దేశంలోపలా బయటా రేగిన ఆందోళన తరువాత ఆ ఉరిశిక్షలు అమలు కాలేదు. కాని నా ప్రశ్న వేరు. భయం వున్నదని చూపించుకోవలసిన బాధ్యత ముద్దాయిది, చూపించడానికి వాడికి వకీలు లేడు. అలాంటప్పుడు 96వ సెక్షనులాంటిది వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

స్త్రీల విషయం క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 1959లో విశ్వనాథ్ కేసులో, కాపురానికి రానన్న భార్యను బలవంతాన ఈడ్చుకుపోతున్న భర్తను ఆమె తమ్ముడు ఒక్క పోటు పొడిచాడు, అతను చనిపోయాడు. సుప్రీంకోర్టు అది ఆత్మరక్షణ హక్కుకిందికి వస్తుందని విడిచిపెట్టింది. భర్త అయినంత మాత్రాన ఈడ్చుకుపోయే అధికారం లేదన్న మాట ఆ రోజుల్లో సామాన్యమైనది కాదు. అయితే అక్కడ రక్షకుడు మగవాడు, రక్షింపబడినది అతని ఇంటి ఆడపడుచు. ఆమే కత్తి పట్టివుంటే తీర్పు ఎలా వుండేదో ఆలోచించుకోవలసిందే. మానభంగపు దాడిని ఎదిరించి చంపే హక్కు చట్టంలో మొదటినుంచీ వున్నది. కాని భార్యమీద భర్త చేసేదాన్ని మానభంగమని అదే చట్టం వొప్పుకోదు కనక, ఇంట్లో ఆ ఖండిక ఆమెకు దొరకదు. ప్రాణభయమో, తీవ్రగాయమో చూపించుకోవాలి. తలుపులు వేసివున్న ఇంట్లో సాక్షులెవరు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ హక్కును మన తెలుగునాట గడచిన యాభై ఏళ్లకు పైగా అందరికన్నా ఎక్కువసార్లు చెప్పుకొన్నవాడు రైతూ కాదు, స్త్రీ కాదు, అల్లరిమూకలో చిక్కిన దుకాణదారూ కాదు. పోలీసు.

చట్టంలో దానికి ఒక తలుపు మొదటినుంచీ వున్నది. ప్రభుత్వోద్యోగి తన హోదాలో మంచిబుద్ధితో చేస్తున్న పనిని, అది చట్టప్రకారం పూర్తిగా సరికాకపోయినా, ప్రాణభయం లేదా తీవ్రగాయం భయం లేనంతవరకూ ఎదిరించే హక్కు పౌరుడికి లేదని 99వ సెక్షను మొదటి మాటే చెప్తున్నది. పౌరుడి హక్కును ఇంత బిగించిన చట్టం, పోలీసుకు మాత్రం ప్రత్యేకంగా చంపే హక్కేమీ ఇవ్వలేదు. అరెస్టుకు లొంగనివాడిమీద బలం వాడవచ్చు. మరణశిక్షగాని యావజ్జీవంగాని పడదగ్గ నేరం మోపబడనివాడి ప్రాణం మాత్రం తీయరాదు. ఇవి పోగా పోలీసుకు మిగిలేది మీకూ నాకూ వున్న ఆత్మరక్షణ హక్కే. కనక మీకూ నాకూ లాగానే రుజువు చేసుకోవాలి.

రుజువు చేసుకోకుండా తప్పించుకొనే ఉపాయం మన రాష్ట్రంలో తయారైంది. దానికి మన భాషలో పెట్టిన పేరు చూడండి: ఎదురుకాల్పులు. ఆ మాటలోనే వాదమంతా ఇమిడివుంది. 'ఎదురు' అనడంతోనే వాళ్లు ముందు కాల్చారనీ, వీళ్లు బదులు కాల్చారనీ తేలిపోయింది. సాక్ష్యం అక్కరలేదు, విచారణ అక్కరలేదు, పత్రికవాడు ఆ మాటను రోజూ అచ్చువేస్తే చాలు. ఇక ఠాణాలో జరిగేది ఇది. చనిపోయినవాణ్ణి ముద్దాయిగా చూపించి, పోలీసులమీద హత్యాయత్నం చేశాడని 307వ సెక్షను కింద కేసు కడతారు. ముద్దాయి చనిపోయాడు కనక కేసు ముగిసిందని రాస్తారు. చంపినవాడి పేరు ఏ కాగితంలోనూ ముద్దాయిగా వుండదు. రుజువు భారం ముద్దాయిదన్నారు గదా, ఇక్కడ ఆ ముద్దాయి శవం.

1975 జులైలో, అత్యవసర పరిస్థితి ప్రకటించిన నెలరోజులకే, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్, మరి ముగ్గురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారని ప్రకటన వచ్చింది. జనార్దన్ వరంగల్ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీ ఆ చుట్టుపక్కల తిరిగి సాక్ష్యం సేకరించింది. పట్టుకొని, చెట్లకు కట్టి కాల్చారన్నది ఆ కమిటీ నిర్ణయం. కె.జి. కన్నాభిరాన్ ఆ కమిటీలో పనిచేశారు. అదే ఏడు ప్రభుత్వం నియమించిన భార్గవ కమిషను విచారణ, బహిరంగంగా జరగాలా రహస్యంగా జరగాలా అన్న పేచీ దగ్గర చతికిలబడింది. జయదేవ్ కేసులో పారిపోయేవాడి వీపు గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన న్యాయవ్యవస్థ ముందుకు, చెట్టుకు ఆనించిన వీపు సంగతి విచారణకే రాలేదు.

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుమీద జాతీయ మానవహక్కుల కమిషను 1996 నవంబరులో ఈ పద్ధతిని తప్పుపట్టింది. చంపినది పోలీసే అయినప్పుడు, అది నేరమో, హక్కును వినియోగించుకోవడమో దర్యాప్తు చేసి తేల్చాలి. చనిపోయినవాణ్ణి ముద్దాయిని చేసి ఫైలు మూయడం చెల్లదు. 1997 మార్చిలో కమిషను అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య దేశంలోని ముఖ్యమంత్రులందరికీ ఈ మాటే రాశారు. అంటే మన రాష్ట్రంలో పుట్టిన చెడ్డపద్ధతి దేశానికంతటికీ నిబంధనలు రాయవలసిన అవసరాన్ని తెచ్చిపెట్టింది. ఈ ఖ్యాతి కూడా మనకు దక్కింది.

2006 జులైలో నల్లమలలో మావోయిస్టు నాయకుడు మాధవ్‌తో సహా 8 మంది చనిపోయిన ఘటన మీద పౌరహక్కుల సంఘం హైకోర్టుకు వెళ్లింది. 2009 ఫిబ్రవరి 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. తీర్పు సారమంతా ఒక్క మాటలో వున్నది. ఆత్మరక్షణ అన్నది దర్యాప్తు అధికారి కలంతో తేలే విషయం కాదు, కోర్టులో విచారణ జరిగి తేలవలసిన విషయం. కేసు నమోదు కావాలి, కాల్చినవాళ్లు ఎవరో తెలియాలి, మెజిస్ట్రేటు విచారణ దానికి బదులు కాదు. కౌలుదారుకీ, దుకాణదారుకీ, అక్కను కాపాడిన తమ్ముడికీ వర్తించిన నియమమే పోలీసుకీ వర్తిస్తుందని చెప్పడం తప్ప ఇందులో కొత్త ఏమీ లేదు. కాని నెల తిరక్కుండానే పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లడం, తీర్పు అమలు నిలిచిపోవడం జరిగాయి. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మహారాష్ట్రనుంచి వచ్చిన కేసులో 16 నిబంధనలు ఇచ్చింది. ప్రతి ఎదురుకాల్పుల మరణానికీ కేసు నమోదు కావాలన్నది, వేరే ఠాణావాళ్లో, సి.ఐ.డి.యో దర్యాప్తు చేయాలన్నది. మంచిదే. కాని కేసు ఎవరిమీద నమోదు కావాలన్న ముఖ్యమైన సంగతి దగ్గర, జరిగినదానిగురించి కేసు అని వూరుకొన్నది. హైకోర్టు మూసిన సందు అక్కడ మళ్లీ తెరుచుకొన్నది.

పేర్లు మారాయి. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 96 నుంచి 106 దాకా వున్న సెక్షన్లు 34 నుంచి 44 దాకా వెళ్లాయి. వలసచట్టాలను పాతిపెట్టామని పెద్ద ఆర్భాటం జరిగింది. తెరిచి చూస్తే ప్రభుత్వోద్యోగి మంచిబుద్ధి అక్కడే వున్నది, పసిపిల్లలున్న గుంపూ దానిమీద పేలే తుపాకీ అక్కడే వున్నాయి.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో పోలీసుల నిర్బంధంలో వున్న నలుగురు కాల్పుల్లో చనిపోయారు. పిస్తోళ్లు లాక్కొని తమమీద కాల్చారని, ఆత్మరక్షణకోసం కాల్చవలసివచ్చిందని పోలీసులు చెప్పారు. జనం గుంపులుగా వచ్చి పోలీసులమీద పూలు చల్లారు. ఆ యువతికి జరిగిన ఘోరానికి జనం రగిలిపోవడాన్ని నేను తక్కువచేసి మాట్లాడను. నేను చెప్పేది ఆ పూలు చల్లినవాళ్లు ఆత్మరక్షణ కథను నమ్మి చల్లలేదనే. నమ్మనందువల్లనే చల్లారు. 'ఎదురుకాల్పులు' అన్న మాట అబద్ధమని అందరికీ తెలిసి, ఆ అబద్ధాన్నే అందరూ మెచ్చుకొన్న రోజు అది. పాలకవర్గానికి అంతకన్నా కావలసింది ఏముంటుంది? గిరాయిపల్లిలో కనీసం అబద్ధాన్ని నమ్మించవలసిన అవసరం వుండేది.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను 2022లో నివేదిక ఇచ్చింది. ఆయుధాలు లాక్కొన్నారన్న కథను నమ్మలేమన్నది. చంపాలన్న వుద్దేశంతోనే కాల్చారన్నది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లన్నది. 10 మంది పోలీసులను హత్యానేరానికి విచారించాలన్నది, ఆత్మరక్షణ వాదం వాళ్లకు దక్కదన్నది. ఆ ఏడు మే నెలలో సుప్రీంకోర్టు ఆ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఇక కాల్పులు జరిగిన రోజున ఠాణాలో పోలీసులు కట్టిన కేసులో ముద్దాయిలు ఆ నలుగురే. వాళ్లమీద మోపిన నేరం 307వ సెక్షను, హత్యాయత్నం.